పడిశం పది రోగాల పెట్టు

ఈ సామెత మా జేజి నోట వినని చలికాలం లేదు. మాది ప్రొద్దుటూరు, జేజిది పులివెందుల పక్క పల్లె. ఇంట్లో ఎవరు తుమ్మినా శొంఠి నూరేది, మిరియాల చారు కాచేది, కాగే నీళ్ళలో పసుపూ వావిలాకూ వేసి దుప్పటి కప్పేది. ఇవన్నీ అందరిళ్ళలో ఉన్నవే. మాకు నచ్చనిది ఇంకొకటుంది. పడిశం పట్టినవాడికి చెంబు వేరు, పడక వేరు. చంటిబిడ్డ ఉన్న గది గడప తొక్కనిచ్చేది కాదు.

"పడిశానికి ఇంత రగడ ఎందుకు జేజీ?" అని అడిగితే, "మాయమ్మకు అక్క ఇట్లనే తుమ్ముతా పండుకునిందంట. మూడోనాటికి లేదు" అనింది.

అది 1918 నాటి మాటని చాలా ఏళ్ళ తర్వాత లెక్క కట్టుకున్నాను. ఆ ఏడు వేసవి చివర్లో ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవులో దిగింది. మొదటి విడత తేలిగ్గానే పోయింది. సెప్టెంబరు నుంచి వచ్చిన రెండో విడత దేశాన్ని ఊడ్చేసింది. వానలు కూడా తప్పిన ఏడు అది. చనిపోయింది కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాదని తర్వాతి అంచనాలు చెబుతాయి.

జ్వరం రైలెక్కి ఊళ్ళు తిరిగింది. మా మూడు ఊళ్ళకీ అప్పుడు రైలు లేదు. కానీ బొంబాయి-మద్రాసు లైను మా జిల్లా మీదుగానే పోతుంది. ప్రొద్దుటూరుకి ఎర్రగుంట్ల దగ్గర, జమ్మలమడుగుకీ పులివెందులకీ నడుమ ముద్దనూరు. స్టేషన్లో దిగిన మనిషి బండెక్కితే పూటలో ఊళ్ళో ఉంటాడు.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ళ క్యాంబెల్ ఆసుపత్రి అప్పటికే ఉంది. అయినా ఆ జబ్బుకి మందు ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ లేదు. కారణం వైరస్ అని తేలిందే 1933లో. పడక, నీళ్ళు, గంజి, పక్కన ఒక మనిషి: ఎక్కడైనా వైద్యమంటే అంతే.

మామూలు జలుబు సంగతీ పెద్ద తేడా లేదు. ఇంగ్లండులోని సాల్స్‌బరీలో 1946 నుంచి 1990 దాకా జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం నడిచింది. మనుషులకు కావాలని జలుబు అంటించి చూశారు. నయం చేసే మందు మాత్రం దొరకలేదు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కి పైగా ఉన్నాయి, ఒక్క టీకాతో అన్నిటినీ ఆపడం కుదరదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీలో పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు, 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది గొప్ప మందే. కానీ యాంటీబయాటిక్కులు చంపేది బాక్టీరియాని, వైరస్‌ని కాదు. ఆ సంగతి తెలిసీ జలుబుకి ఇప్పటికీ వాటిని అడిగి మరీ మింగుతున్నాం.

కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తెలియని తెలుగిల్లు ఉండదు. అందులోని మెంథాల్ ముక్కులో చల్లదనం తెలిసేలా చేస్తుంది గానీ ముక్కు దారి వెడల్పు చేయదు. ఆవిరీ, కషాయమూ అంతే. హాయినిస్తాయి. హాయి చిన్నదేం కాదు, కానీ నయం కావడం వేరు. మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులని ఊరికే అనలేదు.

మేం జేజి దగ్గర కషాయం నేర్చుకున్నాం, గడప దగ్గర ఆగడం నేర్చుకోలేదు. ఆమె చేసిన వాటిలో జబ్బుని నిజంగా ఆపగలిగింది అదొక్కటే. చేతుల నుంచి, తుంపర్ల నుంచి జలుబు పాకుతుంది. పెద్దవాళ్ళకి ముక్కు కారడంతో పోయే ఆర్‌ఎస్‌వి అనే వైరస్, నెలల పిల్లల ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. ఆమెకి ఆ పేరు తెలియదు, వాళ్ళమ్మ చెప్పిన చావు తెలుసు.

పోయిన చలికాలం మా అక్క కూతురికి కాన్పయింది. నాకప్పుడు జలుబు. బిడ్డను చూడ్డానికి పోలేదు. "జలుబుకే రాలేదా?" అని అక్క ఫోన్లో నిష్ఠూరమాడింది. జేజి చెప్పిన పెద్దమ్మ సంగతి గుర్తు చేశాను. అక్క కాసేపు మాట్లాడలేదు. "సరేలే, పదిరోజులాగి రా" అనింది.