విదురాశ్వత్థము నుండి ప్రజాప్రభుత్వమునకు

పాత ప్రభుత్వమును తొలగించుట ఒక యెత్తు. దాని స్థానమున క్రొత్త ప్రభుత్వమును కట్టుకొనుట మఱియొక యెత్తు. రెండవ పని యెంత కష్టమో అమెరికా చరిత్ర తెలుపును. తమ ప్రతినిధులు లేని బ్రిటిషు పార్లమెంటు తమపై పన్నులు వేయుట అన్యాయమని అచ్చటి 13 వలసరాజ్యముల ప్రజలు ఎదిరించి, 1776 జూలై 4వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి. యుద్ధము ముగిసి 1783లో బ్రిటను దాని నంగీకరించినది. కాని ఆ రాష్ట్రములను కలిపియుంచు కేంద్రమునకు పన్ను విధించు అధికారమైనను లేకుండెను. కావున 1787లో ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూడి క్రొత్త రాజ్యాంగమును వ్రాసిరి. అందు పౌరుల హక్కులు స్పష్టముగా లేవని పలువురు పట్టుబట్టగా, 1791లో పది సవరణలు చేర్చబడినవి.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల మనకు ఇది కేవలము పరదేశపు కథ కాదు. నాడు ఈ తాలూకాలన్నియు మైసూరు సంస్థానమున కోలారు జిల్లాలోనివి. ఏలువారు ఒడయరు వంశీయులు. వారిపై బ్రిటిషువారి పెత్తనము. 1881లో దివాను రంగాచార్లు గారు 144 మంది సభ్యులతో ప్రజాప్రతినిధి సభను నెలకొల్పిరి. మన ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్య గారు 1912 నుండి 1918 వఱకు దివానుగా నుండి, శాసనసభకు బడ్జెటును చర్చించు హక్కును కల్పించిరి. ఇతర సంస్థానములతో పోల్చిన ఇది గొప్ప విషయమే. అయినను ప్రజలు విన్నవించుకొనగలరే గాని నిర్ణయింపజాలరు. దివాను మహారాజునకు జవాబుదారి, ప్రజలకు గాడు.

ఈ లోటును తీర్చుటకే మైసూరు కాంగ్రెసు బాధ్యతాయుత ప్రభుత్వమును కోరినది. 1938 ఏప్రిల్ నెలలో మద్దూరు చెంత శివపురమున జరిగిన మహాసభలో, నిషేధమును లెక్కింపక అధ్యక్షులు టి. సిద్ధలింగయ్య గారు జెండా నెగురవేసిరి. ఆ ఉత్సాహము మన సీమకును ప్రాకెను. గౌరీబిదనూరు తాలూకాలో ఉత్తర పినాకినీ తీరమున, నాగప్రతిష్ఠలకు పేరుగాంచిన విదురాశ్వత్థమున ఏప్రిల్ 25వ తేదీన ప్రజలు సభగా కూడిరి. నిషేధాజ్ఞ నుల్లంఘించిరని పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు పదిమంది యని ప్రభుత్వము, ముప్పదికి పైబడిరని ప్రజలు చెప్పిరి. నాటి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. విచారణకు వేపా రామేశము గారి అధ్యక్షతన సంఘమును నియమించిరి. గాంధీజీ సర్దారు పటేలును, ఆచార్య కృపలానీని మైసూరునకు పంపిరి. వారి రాయబారముచే కాంగ్రెసునకు గుర్తింపు, మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండా నెగురవేయుటకు అనుమతి లభించినవి. పరిపాలన మాత్రము ప్రజల చేతికి రాలేదు.

1947 ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను మైసూరులో దివాను పాలనయే సాగుచుండెను. సెప్టెంబరులో 'మైసూరు చలో' ఉద్యమము చెలరేగినది. తుదకు మహారాజు జయచామరాజ ఒడయరు గారు అంగీకరింపగా, అక్టోబరు 25వ తేదీన కోలారు జిల్లా క్యాసంబళ్ళికి చెందిన కె. చెంగలరాయరెడ్డి గారు ముఖ్యమంత్రి యైరి.

తరువాత జరిగినదియే ముఖ్యము. మైసూరు తన కొక ప్రత్యేక రాజ్యాంగమును వ్రాసికొనుటకు రాజ్యాంగసభను ఏర్పఱచుకొన్నది. అయినను ఆ సభయే భారత రాజ్యాంగమును స్వీకరింపవలెనని నిర్ణయించినది. 1949 నవంబరు 25వ తేదీన మహారాజు ఆ మేరకు ప్రకటన చేసిరి. అమెరికా రాష్ట్రముల వలెనే మైసూరును తన అధికారమును కొంత వదలుకొని, పెద్ద సమాఖ్యలో పాలుగొన్నది.

ఇందు మన తెలుగు కుటుంబముల కేమి మేలు కలిగినది? 1956 నవంబరు 1వ తేదీన భాషారాష్ట్రము లేర్పడినపుడు సరిహద్దునకు ఆవల ఆంధ్రప్రదేశ్, ఈవల మనము మిగిలితిమి. సంఖ్యాబలము లేని వారికి వ్రాతలోని హామీయే అండ. భారత రాజ్యాంగపు 29వ అధికరణము భాషను, లిపిని కాపాడుకొను హక్కు నొసగినది. 30వది విద్యాలయములు స్థాపించుకొను హక్కు నిచ్చినది. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు అర్జీ పెట్టుకొనవచ్చునని 350వది చెప్పుచున్నది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు ప్రయత్నింపవలెనని 1956లో చేర్చిన 350-ఎ నిర్దేశించుచున్నది.

ఈ హక్కు లెవరో దయతలచి యిచ్చినవి కావు. విదురాశ్వత్థము వంటి చోట్ల ప్రజలు మూల్యము చెల్లించి తెచ్చుకొన్నవి. కాని అడుగనిదే అమ్మయైనను పెట్టదు. పిల్లలకు ఇంట తెలుగు అక్షరములు దిద్దించుట, బడిలో తెలుగు బోధన కావలెనని తల్లిదండ్రులు కూడి అర్జీ పెట్టుట, మనకు అన్నము పెట్టిన ఈ నేల భాషయగు కన్నడమును ఆదరముతో నేర్చుట మన విధులు. ఎప్పుడైన విదురాశ్వత్థమునకు మ్రొక్కు తీర్చుకొనబోయినపుడు, నాగశిలలకు ప్రదక్షిణము చేసి, అచ్చటి అమరవీరుల స్మారకమును గూడ పిల్లలకు చూపుడు.