హెచ్‌ఐవీ మందుల ఖర్చు: ఇక్కడ ఉచిత కేంద్రం, అమెరికాలో కోపే సాయం

ఈ మధ్య మన సంఘం ఆఫీసుకు పూండి వైపు నుంచి ఒక ఇంటివారు వచ్చారు. హెచ్‌ఐవీ మందుల ఖర్చు తగ్గించే "కోపే కార్డు" ఒకటి ఉందని ఫోనులో చదివారట, దాన్ని ఇప్పించగలరా అని అడిగారు. ఇంట్లో ఒకరికి రెండేళ్ళుగా చెన్నైలో ఒక మందుల షాపులో డబ్బు పెట్టి కొంటున్నారు. నగలు తాకట్టులో ఉన్నాయి. డబ్బు చాలని నెలల్లో మాత్రలు రోజు విడిచి రోజు వేశారట. ఆ మాట వినగానే మాకు గుండె జారిపోయింది. ఆ మందును మన దేశంలో ప్రభుత్వమే ఒక్క రూపాయి తీసుకోకుండా ఇస్తోంది, అదీ 20 ఏళ్ళకు పైగా.

ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉంటాయని, అడగలేక ఊరుకుంటారని తోచి ఈ వివరాలు రాస్తున్నాం. కోపే కార్డు అమెరికా సంగతి. పిల్లలు అక్కడ ఉన్నవారికి అదీ కావాలి కాబట్టి చివర్లో చెప్తాం.

ఇక్కడ మందు ఎలా దొరుకుతుంది

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది 1986లో, మద్రాసులోనే. డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల చేసిన పరీక్షల్లో తెలిసింది. అప్పట్లో మందు లేదు. తర్వాత వచ్చినా ఒక మనిషికి ఏడాదికి 10,000 డాలర్లు దాటేది. 2001లో మన సిప్లా కంపెనీ ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకు వచ్చాక ధరలు కుప్పకూలాయి. 2004 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి విడత ఆసుపత్రుల్లో మన తాంబరం ఆసుపత్రి ఒకటి.

ఇప్పుడు మొదటి మెట్టు పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రుల్లో "నంబిక్కై మైయం" అని తమిళంలో బోర్డు ఉంటుంది. అంటే నమ్మకం కేంద్రం అని. ఆ పేరు చూసి ఇది ఎయిడ్స్ పరీక్ష చోటని తెలియక మనవాళ్ళు ముందు నుంచే తిరిగి వెళ్ళిపోయిన సందర్భాలు మాకు తెలుసు. బోర్డు చదవడం రాని పెద్దవాళ్ళను ఒంటరిగా పంపకండి. అక్కడ పరీక్ష ఉచితం, ముందూ వెనకా కౌన్సెలర్ మాట్లాడతారు. ప్రైవేటు ల్యాబు రిపోర్టు ఉన్నా ఇక్కడ మళ్ళీ పరీక్ష చేయవచ్చు. దానికి విసుక్కోవద్దు, పద్ధతి అది.

జబ్బు ఉందని తేలితే ఏఆర్‌టీ కేంద్రంలో పేరు నమోదు చేస్తారు. 2017 నుంచి సీడీ4 లెక్క ఎంత ఉన్నా అందరికీ వెంటనే మందు మొదలుపెట్టమన్నది ప్రభుత్వ విధానం. "ఇంకా ముదరలేదు, తర్వాత చూద్దాం" అని ఎవరైనా చెబితే అది పాత మాట. ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టినోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ ఉంటాయి. మొదట నెలకోసారి ఇస్తారు, ఆరోగ్యం కుదుటపడ్డాక రెండు మూడు నెలలకు సరిపడా ఇవ్వవచ్చు. వైరల్ లోడ్ పరీక్ష బయట ఖరీదైనది, ఇక్కడ దానికీ డబ్బు లేదు. మొదటి మందు పనిచేయకపోతే రెండో వరుస, మూడో వరుస మందులు కూడా ఉచితమే.

రోజు విడిచి రోజు వేసుకోవడం ఎందుకు ప్రమాదమో చెప్పాలి. మోతాదు తగ్గితే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఆ తర్వాత అదే మాత్ర రోజూ వేసినా ఫలితం ఉండదు. సక్రమంగా వేసుకుని వైరల్ లోడ్ కనిపించనంత తగ్గి అలాగే నిలిచినవారి నుంచి భార్యకో భర్తకో శారీరక సంబంధం వల్ల జబ్బు అంటదు. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి. ఇంకొకటి, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాసు మందులు వాడుతుంటారు. వాటిలో కొన్ని డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఏమేం వాడుతున్నారో కేంద్రంలో చెప్పి, ఎంత ఎడం ఉండాలో అడగండి. ఇక మూడు నెలల్లో పూర్తిగా నయం చేస్తామనే నాటు మందుల ప్రకటనలకు పోయిన డబ్బు గురించి మేం వేరే చెప్పక్కరలేదు.

ఎవరైనా చూస్తారేమో అన్న భయం

మా దగ్గరికి వచ్చినవారు ఉచిత కేంద్రానికి ఎందుకు వెళ్ళలేదో అడిగాం. జబాబు మీరు ఊహించేదే. ఆసుపత్రిలో చుట్టాలు పనిచేస్తారు. పూండి నుంచి తిరువళ్ళూరు బస్సు ఎక్కితే సగం బస్సు తెలిసినవారే. ఆ భయాన్ని మేం తేలిగ్గా తీసుకోం. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే ఎవరికైనా ఉంటుంది. కానీ దానికోసం మందు కొనుక్కోనక్కరలేదు, దూరపు కేంద్రం అడగవచ్చు. ఒకచోట నమోదైనవారు బదిలీ కోరితే కాగితాలు ఇచ్చి వేరే కేంద్రానికి పంపుతారు, వేరే రాష్ట్రానికైనా సరే. తిరుత్తణి నుంచి నగరి, పుత్తూరు మీదుగా తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్ళవచ్చు, అక్కడ తెలుగులోనే అన్నీ చెప్పుకోవచ్చు. చెన్నై అంటే తాంబరం ఉంది. ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళేవారికి రైల్వేలో రాయితీ ఉంది. కానీ ఆ కాగితం టికెట్ కౌంటరులో చూపించాలి కనుక చాలామంది వాడుకోరు. వారిని తప్పు పట్టలేం.

చట్టం కూడా అండగా ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం బయటపెట్టకూడదు. ఉద్యోగంలోంచి తీసేయడం, వైద్యం చేయమనడం, ఇల్లు అద్దెకు ఇవ్వమనడం నేరుగా నిషేధం. ఫిర్యాదు చేయాలంటే అంబుడ్స్‌మన్ ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది. ముఖం చూపించకుండా సంగతులు తెలుసుకోవాలంటే 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

ఆ ఇంటివారు ఇప్పుడు బదిలీ మీద దూరపు కేంద్రంలో మందు తీసుకుంటున్నారు. ఊరి పేరు మేం చెప్పం. నగలు ఇంకా విడిపించుకోలేదు.

పిల్లలు అమెరికాలో ఉంటే

అక్కడ ఇన్సూరెన్సు ఉన్నా మందు కొన్న ప్రతిసారీ మన వంతు కొంత కట్టాలి. దాన్నే కోపే అంటారు. కొన్ని హెచ్‌ఐవీ మందుల ధర నెలకు 3,000 డాలర్లు దాటుతుంది కాబట్టి ఆ వంతు కూడా బరువే. మందు తయారుచేసే గిలియడ్, వీవ్ వంటి కంపెనీలే ఆ వంతును తాము భరిస్తామని కార్డు ఇస్తాయి. ఉద్యోగం ద్వారానో సొంతంగానో ప్రైవేటు ఇన్సూరెన్సు ఉన్నవారికే అది పనికివస్తుంది. ప్రభుత్వ మెడికేర్, మెడికెయిడ్ ఉన్నవారికి చెల్లదు. గ్రీన్‌కార్డు మీద అక్కడ స్థిరపడి మెడికేర్‌లో చేరిన తల్లిదండ్రులు ఇది గమనించాలి. ఇంకో మెలిక ఉంది. కార్డు కట్టిన డబ్బును కొన్ని ఇన్సూరెన్సు కంపెనీలు ఏడాది డిడక్టిబుల్ లెక్కలో కలపవు. అప్పుడు కార్డు పరిమితి అయిపోయిన నెలలో పెద్ద బిల్లు ఒక్కసారిగా వచ్చి పడుతుంది. జనవరిలోనే ఇన్సూరెన్సు వారిని ఈ ప్రశ్న అడగాలి.

ఇన్సూరెన్సు లేనివారికి, చాలనివారికి ర్యాన్ వైట్ పథకం ఉంది. 1990లో వచ్చింది, రక్తం ద్వారా జబ్బు సోకి చనిపోయిన ఒక కుర్రవాడి పేరు పెట్టారు. అందులో ఏడాప్ అనే విభాగం ప్రతి రాష్ట్రంలో ఉంది. అది మందు ఇస్తుంది, చాలాచోట్ల ప్రీమియం, కోపే కూడా కడుతుంది. ఆదాయం, ఆ రాష్ట్రంలో నివాసం చూస్తారు. ఆ పథకానికి కేంద్ర నిబంధనల్లో పౌరసత్వం షరతు లేదు.

చదువుకు వెళ్ళే పిల్లలు వీసా పోతుందని మందు దాచిపెట్టి, మానేసి వెళ్ళడం మహా పొరపాటు. హెచ్‌ఐవీ ఉన్నవారు రాకూడదన్న నిబంధనను అమెరికా 2010 జనవరిలోనే ఎత్తేసింది. ప్రయాణానికి ముందే ఏఆర్‌టీ కేంద్రంలో చెప్పి వీలైనన్ని నెలల మందు, డాక్టరు చీటీ తీసుకోండి. మాత్రలు అసలు డబ్బాలోనే, చేతి సంచిలో పెట్టుకోవాలి. ఇక్కడి నుంచి పార్సిల్‌లో పంపుదామని మాత్రం అనుకోవద్దు. కస్టమ్స్‌లో ఆగిపోతే ఆ రోజుల మందు తప్పిపోతుంది.