అక్షరం ఎవరి పక్షం?

మన అభ్యుదయ సాహిత్యంలో అక్షరానికి ఉన్న పరపతి మరే వస్తువుకూ లేదు. రాత్రిబడి, గ్రంథాలయం, కరపత్రం, గోడమీది నినాదం – వీటన్నిటినీ విముక్తి సాధనాలుగానే చూశాం, అలాగే రాశాం. పాలేరు చేతికి పలక రావడంతో కథ ముగించిన రచయితలు మనలో ఎందరో ఉన్నారు. ఆ దృష్టిని నేను తప్పు పట్టడం లేదు. వెట్టిచేసే మనిషి వేలిముద్ర మాని సంతకం పెట్టడం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆదిలాబాద్ గోండుల చరిత్రను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఈ నమ్మకం ఒకచోట తడబడుతుంది. వాళ్ళ ఊళ్ళకు అక్షరం మొదట పట్వారీ చేతిలో వచ్చింది. పంతులు చేతిలో రావడం చాలా ఆలస్యంగా జరిగింది. ఈ మధ్యకాలంలోనే భూమి పోయింది.

ఆదివాసుల భూమి కత్తితో పోయిందని సాధారణంగా అనుకుంటాం. గోండుల రాజ్యం కత్తితోనే పోయింది. చాందా గోండు రాజ్యాన్ని 1751లో నాగపూరు భోంస్లేలు మింగారు. కాని రాజ్యం పోయినంతమాత్రాన సేద్యం పోలేదు. గోండు రైతు తర్వాత కూడా చాలాకాలం తన చేనులోనే ఉన్నాడు. ఆ చేను జారిపోయింది ఇరవయ్యో శతాబ్దంలో, దస్తావేజులమీద, సిరాతో.

అది ఎలా జరిగిందో కాస్త వివరంగా చూడాలి. ఆసిఫాబాద్, ఉట్నూరు కొండప్రాంతాల్లో తేలిక నేలలు ఎక్కువ. కొన్నేళ్ళు దున్నిన చేనును మరికొన్నేళ్ళు బీడుగా వదిలితే తప్ప అవి పంట ఇవ్వవు. కనుక గోండు రైతు ఒక చేను వదిలి మరొకటి దున్నుతూ, మళ్ళీ మొదటి దానికి తిరిగివచ్చేవాడు. ఊరు ఊరంతా కదిలిన సందర్భాలూ ఉన్నాయి. ఏ చేను ఎవరిదో ఊరి పెద్దలకు తెలుసు. సర్వే గుమాస్తాకు మాత్రం ఆ సంవత్సరం నాగలి కనబడిన చేనే సేద్యపు భూమి. బీడు కనబడితే అది సర్కారుది. అంతేగాక గోండులలో చాలామంది నిజాం రెవెన్యూ భాషలో ‘సివాయి జమాబందీ’ కింద సేద్యం చేసేవారు. అంటే లెక్కల పుస్తకానికి వెలుపలి సేద్యమన్నమాట. శిస్తు కట్టించుకుంటారు, పట్టా ఇవ్వరు. పన్ను వసూలు చేసే కలానికి కనబడిన రైతు, హక్కు నమోదు చేసే కలానికి కనబడకుండా పోవడం ఈ పద్ధతిలోని కిటుకు.

పట్టా అనే వస్తువు ఉందనీ, దాన్ని దఫ్తరులో అడిగి పుచ్చుకోవాలనీ తెలిసినవాళ్ళు బయటినుంచి వచ్చారు. 1920 దశకం చివరికి కాజీపేట – బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. వ్యాపారులు, షావుకార్లు, దేశ్‌ముఖుల మనుషులు, నల్లరేగడి వెతుక్కుంటూ వచ్చిన రైతులు వరసగా దిగారు. గోండు దున్నుతున్న నేలమీదే మరొకరి పేరున పట్టా పుట్టింది. నిన్నటి రైతు తన చేలోనే కౌలుదారయ్యాడు, మొన్నటి పాత బాకీ కింద జీతగాడయ్యాడు. మరోవైపు జంగ్లాత్ శాఖ అడవికి హద్దులు గీసింది. ఊళ్ళు ఆ గీతలోపల చిక్కుకున్నాయి. మేతకు పన్ను, కట్టెకు పన్ను, ఖాళీ చెయ్యని ఊరికి నిప్పు.

ఈ నేపథ్యంలోనే 1940లో జోడేఘాట్ జరిగింది. బాబేఝరి పరిసరాల్లో గుడిసెలు తగలబడిన తర్వాత, పన్నెండు ఊళ్ళ భూమికి హక్కు అడిగిన కుమురం భీము పోలీసు తూటాలకు బలి అయ్యాడు. ‘జల్, జంగల్, జమీన్’ అన్న నినాదం అతని పేరుతో నిలిచిపోయింది. ఆ కథ మన పాఠకులకు తెలుసు. 1983లో సాహు, అల్లం రాజయ్య రాసిన నవల దాన్ని తెలుగు సాహిత్యంలోకి తెచ్చింది. 2022లో ఒక భారీ సినిమా ఆ పేరును దేశవిదేశాలు తిప్పింది. తీసినవాళ్ళే కల్పన అని చెప్పుకున్నారు కనుక దాని జోలికి పోను. నాకు ముఖ్యమనిపించేది భీము జీవితకథల్లో వచ్చే ఒక చిన్న ఘట్టం. ఊరు విడిచి పారిపోయిన యువకుడు చాందా వైపు ఒక అచ్చు యంత్రం నడిపే మనిషి దగ్గర చేరి చదవడం, రాయడం నేర్చుకున్నాడని చెబుతారు. హైదరాబాదు వెళ్ళి సర్కారుకు మొర పెట్టుకోజూశాడనీ చెబుతారు. ఇందులో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్న చర్చ పక్కన పెడదాం. తమ వీరుడికి బాణంతోపాటు అక్షరం కూడా ఉండాలని ఆ జాతి జ్ఞాపకం కోరుకుంది. దెబ్బ ఎటునుంచి తగులుతోందో వాళ్ళకు బాగా తెలుసు.

మాటల్లో మాట, ఆ పేరునైనా మనం సరిగా రాయలేకపోయాం. వంశనామం ‘కుమ్ర’. తెలుగులో అది కొమరం అయింది, కొమురం అయింది, కుమురం అయింది. 2016లో పాత ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేసినప్పుడు ఒకదానికి ఆ పేరు పెట్టారు. ఇప్పటికీ బోర్డుబోర్డుకూ వర్ణక్రమం వేరు.

జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వానికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం పడింది. ఆ పని ఒక విచిత్రమైన మనిషి చేతికి వచ్చింది. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆస్ట్రియాలో పుట్టి వియన్నాలో చదివిన మానవశాస్త్రజ్ఞుడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో యుద్ధకాలంలో బ్రిటిష్‌వారికి శత్రుదేశీయుడయ్యాడు. నిజాం సంస్థానం దాటి వెళ్ళకూడదని ఆంక్ష. అలా చిక్కుబడినవాడు భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నాడు. పాలకులు తిరుగుబాటు చల్లార్చడానికి వాడుకున్న పండితుడని ఆయన్ను తీసిపారేసే విమర్శకులున్నారు. అందులో సగం నిజం. ఆయన నియామకం ప్రభుత్వం చేసిందే, ఆయన నివేదికలు ప్రభుత్వానికి రాసినవే. కాని మిగతా సగం కూడా చెప్పాలి. ఆయన సిఫారసులూ, సేతుమాధవరావు వంటి అధికారుల పట్టుదలా కలిసి, 1940 దశకంలోనే లక్ష ఎకరాలకు పైబడిన భూమికి ఆదివాసుల పేర లావోనీ పట్టాలు పుట్టాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే కేంద్రం మొదలైంది. వాచకాలు గోండీ భాషలో, నాగరి లిపిలో. గోండు పిల్లవాడికి గోండు పంతులు గోండీలో చదువు చెప్పడం – ఆ ఆలోచన విలువ ఎనభై ఏళ్ళ తర్వాత ఇంకా బాగా తెలుస్తోంది. 1987లో హైదరాబాదులో కన్నుమూసిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. గోండులు ఆ దంపతులను ఎలా గుర్తుపెట్టుకున్నారన్నది మన విమర్శకుల తీర్పు కోసం ఆగలేదు.

1948లో నిజాం పోయాడు. 1956లో రాష్ట్రం మారింది. దఫ్తరులో ఉర్దూ స్థానంలోకి క్రమంగా తెలుగు వచ్చింది. దాన్ని మనం మాతృభాషకు జరిగిన పట్టాభిషేకమని పండుగ చేసుకున్నాం. గోండుకు మాత్రం ఒక పరాయి భాష స్థానంలో మరో పరాయి భాష వచ్చింది, అంతే. గోండీ వాచకాలు మూలపడ్డాయి.

చట్టాలు లేకపోలేదు. ఏజెన్సీ భూములు గిరిజనుల చేతినుంచి జారకుండా ఆంధ్ర ప్రాంతంలో 1917 నాటికే ఒక చట్టం ఉంది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు విస్తరించారు. 1970లో దాన్ని సవరించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవంటీ’గా నిలిచింది ఇదే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, వేరుగా రుజువయ్యేదాకా అది గిరిజనుడినుంచి వచ్చిందేనని భావించాలని ఆ సవరణ చెప్పింది. అంటే రుజువు చూపవలసిన భారం తలకిందులైంది. కాగితం లేని గోండు మౌనంగా నిలబడవచ్చు, కాగితం ఉన్నవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. మన దేశపు భూచట్టాలలో ఇంత తెగువ అరుదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది కూడా. కాని చట్టం ఒక కాగితమైతే దాన్ని ఓడించే కాగితాలు వందలు పుట్టాయి. చట్టం రాకముందే కొన్నట్టు వెనకటి తేదీ వేసిన సాదా బైనామాలు, గిరిజనుడి పేరిట బినామీ పట్టాలు, కోర్టు స్టేలు. భూమి తిరిగి ఇప్పిస్తూ ఉత్తర్వు వచ్చినా, ఎద్దులు లేక, అప్పు పుట్టక, పాత షావుకారుకే మళ్ళీ అప్పగించిన రైతులున్నారు.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు పోలీసులు అనుమతి నిరాకరించారు. వస్తున్న జనంమీద కాల్పులు జరిపారు. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కలో 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్కలో అరవైకి పైమాటే. నాలుగు దశాబ్దాలు దాటినా ఈ రెండు అంకెలు ఒకటి కాలేదు. అక్కడ కట్టిన స్తూపం కూలింది, మళ్ళీ లేచింది. చాలా సంవత్సరాలపాటు ఏప్రిల్ 20న అక్కడికి వెళ్ళి పువ్వు పెట్టడానికి కూడా నిషేధాజ్ఞలు అడ్డొచ్చాయి. 2024లో ప్రభుత్వమే స్మృతివనానికి శంకుస్థాపన చేసింది. మంచిదే. ఆ వనంలో పేర్లు చెక్కితే ఎన్ని చెక్కుతారన్నది అసలు ప్రశ్న. సయోధ్య అనే మాట ఈ మధ్య చాలా వినబడుతోంది. చచ్చినవాళ్ళ లెక్క దగ్గరే రాజీ కుదరనిచోట దాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

ఇంతవరకు గోండులకు లిపి లేదన్నట్టుగానే రాస్తూ వచ్చాను. పాఠ్యపుస్తకాలూ అలాగే రాశాయి. కాని 2006 ప్రాంతంలో నార్నూరు మండలం గుంజాల గ్రామంలో, గోండీకి సొంతమైన ఒక లిపిలో రాసిన చేతిరాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు మొదలైన పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చారు. కొన్ని సుమారు 1750 నాటివని అంచనా. దాన్ని చదవగలవాళ్ళు ఆ ఊళ్ళో కొద్దిమంది పెద్దలే మిగిలారు. వాళ్ళ సాయంతో వాచకాలు తయారయ్యాయి, కొన్ని బడుల్లో నేర్పారు, 2018లో యూనికోడ్‌లో ఆ లిపికి చోటు దొరికింది. అంటే సర్వే గుమాస్తా గొలుసు పట్టుకుని వచ్చిన రోజున గోండుల మధ్య అక్షరం ఉంది. దఫ్తరు గుర్తించే అక్షరమే లేదు.

ఇక 2006 నాటి అటవీహక్కుల చట్టం. ఆదివాసులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని దాని పీఠికలోనే పార్లమెంటు ఒప్పుకుంది. సాహిత్య విద్యార్థులు ఈ చట్టం నిబంధనల్లోని సాక్ష్యాల భాగం తప్పక చదవాలని నా కోరిక. హక్కుకు రుజువుగా ప్రభుత్వ దస్తావేజులతోపాటు పాత గట్టు, బావి, శ్మశానం, పూజాస్థలం, వంశవృక్షం, చివరికి హక్కుదారు కాని ఊరి పెద్దల మాట కూడా చెల్లుతుందని అందులో ఉంది. నోటిమాటను సాక్ష్యంగా అంగీకరించమని ఆధునిక రాజ్యం తన గుమాస్తాకు చెప్పడం మామూలు సంగతి కాదు. ఒక్క మెలిక మాత్రం పెట్టింది: ఆ మాటను రాసి ఇవ్వాలి.

ఆ మెలికే తర్వాతి కథంతా నడిపింది. అర్జీలు కుప్పలుగా తిరస్కారానికి గురయ్యాయి. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కృతులను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చి, దేశమంతా గగ్గోలు రేగాక అదే నెలలో ఆపింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. రాష్ట్రం మొత్తంమీద సుమారు లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాల పైన అని ప్రకటించింది. కొందరికి నిజంగా ఊరట. జాబితాలో పేరు లేనివాడికి మళ్ళీ జంగ్లాత్ వాళ్ళ ట్రాక్టరు. ఈ లోపల 2020లో మరో దెబ్బ తగిలింది. షెడ్యూల్డు ప్రాంతపు బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడవ నంబరు జీ.ఓ.ను సుప్రీంకోర్టు కొట్టివేసింది. మార్లవాయి ఆలోచనకు మిగిలిన ఆఖరి అధికారిక రూపం అది.

లంబాడాల సంగతి దాటవేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగ అయ్యారు. చదువులో, ఉద్యోగంలో, భూమి పొందడంలో వాళ్ళు తమను దాటిపోయారని గోండులు, కొలాముల ఆరోపణ. 2017లో అది ఉట్నూరు ప్రాంతంలో ఘర్షణలదాకా వెళ్ళింది. లంబాడా కూడా బతుకు వెతుక్కుంటూ వచ్చినవాడే, తండాలోనూ ఆకలి ఉంది. మరఠ్వాడా వైపునుంచి వచ్చిన లంబాడాకూ, పట్నంనుంచి వచ్చిన షావుకారుకూ ఒకే తూకం వేసే వాదన నాకు అంగీకారం కాదు. అలాగని గోండు ఫిర్యాదును పాలకులు పెట్టిన చిచ్చు అని కొట్టెయ్యడం మన సౌకర్యం కోసం మనం చెప్పుకునే మాట. కాగితం భాష ముందుగా నేర్చినవాడికి ముందుగా అందింది. ఈ వరస లోగడ జరిగినదే.

కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు జన్నారం దగ్గరి గోదావరినుంచి కాలినడకన నీళ్ళు తెస్తారు. ఏటా అదే దారి, అవే మజిలీలు. పర్ధాన్ కీక్రీ వాయిస్తూ వంశాల కథ, దేవతల కథ పాడతాడు. ఏ వంశం ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో ఆ పాట చెబుతుంది. నా లెక్కలో ఇది సరిహద్దుల పత్రం, వంశవృక్షం కలిసిన దస్తావేజు. 2006 చట్టం ప్రకారం కూడా ఇలాంటి మాటకు సాక్ష్యపు విలువ ఉంది. కాని పర్ధాన్ పాడేది గోండీలో. హక్కుల విచారణ సాగేది తెలుగులో. మధ్యన కూర్చుని రాసే మనిషికి రెండూ రావాలి. గోండీ తెలిసిన తెలుగు రచయితలు ఎందరున్నారో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. భీముమీద మనం రాసిన కవితలను లెక్కపెట్టడం మాత్రం కష్టం.