ఫియట్ లక్స్ సెమినార్లు (కమ్యూనికేషన్ విభాగం)

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) ప్రధానంగా మొదటి ఏడాది విద్యార్థులకు నడిపే చిన్న తరగతులు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ఆ ఘటనను అర్థం చేసుకోవడానికి ఆచార్యులు అప్పటికప్పుడు మొదలుపెట్టిన చర్చాగోష్ఠులే వీటికి మూలం. విశ్వవిద్యాలయ లాటిన్ నినాదమే వీటికి పేరుగా నిలిచింది. తరగతిలో 20 మందికి మించి ఉండరు. ఒక యూనిట్ కోర్సు. గ్రేడు ఉండదు, ఉత్తీర్ణులైతే చాలు.

కమ్యూనికేషన్ విభాగంలో ఈ సెమినార్‌ను 19వ నంబరు కోర్సుగా చూపుతారు. కమ్యూనికేషన్ శాస్త్రమంతా తిరగేయకుండా వార్తల ఎంపిక వంటి ఒక్క అంశాన్నే పట్టుకోవడం దీని బలం. ఉదాహరణకు, ఒకే సంఘటనపై రెండు చానళ్ల కథనాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరి ముఖం ముందు చూపారో, ఎవరి మాట మధ్యలో కోశారో తెలిసిపోతుంది. వందలమంది కూర్చునే ఉపన్యాసాల్లో నోరు విప్పని విద్యార్థులకు ఆచార్యుడితో నేరుగా వాదించే వీలు ఇక్కడ దొరుకుతుంది.