సైకిలు నేర్పాం సరే, ట్రాఫిక్కు ఎవరు నేర్పుతారు?

మా రెడ్డిగూడెంలో సైకిలు నేర్పడానికి ఒకటే సిలబస్. ఒకడు సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తడం, చెప్పకుండా వదిలేయడం. బ్యాలెన్సు వస్తే కోర్సు అయిపోయినట్టే. మామిడి తోటల మధ్య రోడ్డుకి అది చాలు. కానీ మావాళ్ళు ఆ చదువుతోనే విజయవాడో, హైదరాబాదో వచ్చి ఆర్టీసీ బస్సు పక్కన తొక్కుతారు. అక్కడ బ్యాలెన్సు ఒక్కటే సరిపోదు, అంచనా కావాలి. ప్రొడక్షన్‌లో నేరుగా టెస్ట్ చేసేవాణ్ణి మనం ఎన్ని మాటలంటామో తెలుసు కదా! సైకిలు విషయంలో పిల్లల చేత చేయిస్తున్నది అచ్చం అదే.

విమానాల వాళ్ళకి ఈ సంగతి ముందే అర్థమైంది, అదీ దెబ్బ తిన్నాకే లెండి. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ వాళ్ళ నాన్నగారి ఆర్గాన్ ఫ్యాక్టరీలోని గాలితిత్తులతో నేల మీదే ఊగే ఉత్తుత్తి విమానం 1929లో తయారుచేశాడు. మొదట్లో జనం దాన్ని ఆటవస్తువుగానే చూశారు. 1934లో సైన్యం పైలట్లకి టపా మోసే పని అప్పగిస్తే, కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు యంత్రాలు కొంది.

1962లో మోర్టన్ హైలిగ్ 'సెన్సోరామా'కి పేటెంటు తీసుకున్నాడు. కూర్చుంటే న్యూయార్కు వీధుల్లో మోటారు సైకిలు మీద వెళ్తున్నట్టే ఉంటుంది, గాలీ వాసనలతో సహా. కానీ మనం ఏం చేసినా బొమ్మ మారదు. చూడ్డమే తప్ప నేర్చుకోవడం లేదు.

తొక్కితే కదిలే వీధిని అయోవా విశ్వవిద్యాలయంలో జోడీ ప్లమర్ట్, జోసెఫ్ కియర్నీల బృందం కట్టింది. బిగించి పెట్టిన నిజం సైకిలు, చుట్టూ తెరలు, వాటి మీద కూడళ్ళు, కార్లు. 2004లో వచ్చిన ఫలితం చూడండి. కార్ల మధ్య 10, 12 ఏళ్ళ పిల్లలు ఎంచుకున్న ఖాళీలూ, పెద్దలు ఎంచుకున్నవీ దాదాపు ఒకటే. కానీ దాటేసరికి పిల్లలకి మిగిలిన సమయం తక్కువ, ఎందుకంటే వాళ్ళు కదలడమే ఆలస్యం. కళ్ళు పెద్దవాళ్ళ లెక్కే వేశాయి, కాళ్ళు అందుకోలేదు. "చూసుకుని దాటరా" అనే మన ఏకైక పాఠం ఫెయిలయ్యేది ఇక్కడే. వాడు చూశాడు మరి!

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిలు ట్రాకు ప్రారంభించారు. సంతోషం. కానీ అది ట్రాఫిక్కుకి దూరంగా తొక్కుకునేవాళ్ళకి. పేపర్లు వేసే కుర్రాడు, కూలికెళ్ళే పెద్దాయన తొక్కేది ట్రాఫిక్కులోనే.

రోడ్లూ డ్రైవర్లూ బాగుపడాలి, కాదనను. అందాకా? హైస్కూలు కంప్యూటర్ ల్యాబులో ఒక పాత సైకిలు, స్టాండు, చక్రానికి సెన్సరు, ఎదురుగా ప్రొజెక్టరు. అందులో మన ట్రాఫిక్కే ఉండాలి. రాంగు సైడులో వచ్చే బైకు, చెప్పకుండా ఆగే ఆటో, స్టాపు కోసం ఎడమకి కోసే బస్సు. ఇదంతా రాయడం మనకి చేతకాని పనేం కాదు. దాని తర్వాత రోడ్డు మీద పక్కన పెద్దవాళ్ళు ఉండి నేర్పాల్సిందే, పైలట్లయినా చివరికి ఆకాశంలోనే కదా నేర్చుకుంది. కాకపోతే తెర మీద బస్సు కింద పడ్డ పిల్లాడు లేచి మళ్ళీ తొక్కుతాడు. ఆలోచించండి.