గద్వాల, వనపర్తి సంస్థానాల నాణేలు: స్థితి నిర్ణయం

నిజాం రాజ్యంలో సామంత సంస్థానాలైన గద్వాల, వనపర్తి ఒకప్పుడు సొంత నాణేలు ముద్రించుకొన్నాయి. వనపర్తి నాణేన్ని సూగూరు సిక్కా అనేవారు. గద్వాల నాణెం 1900ల ఆరంభంలో కూడా రాయచూరు జిల్లాలో చెల్లేది.

సుత్తితో కొట్టి ముద్రించే ఆ కాలపు పద్ధతిలో అచ్చు తరచుగా బిళ్ళకంటే పెద్దదిగా ఉండేది. అందువల్ల అక్షరాలు కొన్నే పడేవి. అక్షరం లేనంత మాత్రాన నాణెం అరిగిందని తీర్పు చెప్పకూడదు. పడిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, ఎత్తైన భాగాలు చదునయ్యాయా అని చూడాలి. ముద్రణ లోపాన్ని, వాడుకవల్ల వచ్చిన అరుగుదలను, గీతలు, రంధ్రాలవంటి నష్టాన్ని వేరువేరుగా గుర్తించిన తరువాతనే శ్రేణి నిర్ణయించాలి. స్కాట్లండు ప్రెస్బిటేరియన్ సంఘాలలో ప్రభువు బల్లలో పాలుపొందేవారికి ఇచ్చిన సీసపు టోకెన్ల విషయంలోనూ ఇంతే. పోత సరిగా పడకపోవడం అరుగుదల కాదు.

నాగర్‌కర్నూలు మొదలుకొని గద్వాల వరకు మన సంఘాలలో ఎక్కడైనా పాత నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది గాని పైపొరతోపాటు ఆధారం పోతుంది. దాని బరువు, దొరికిన చోటు వ్రాసిపెట్టండి.

బీద విధవరాలి రెండు కాసులను (లూకా 21:1-4) ప్రభువు వెలనుబట్టి లెక్కించలేదు. బాగా అరిగిన నాణేనికి సేకర్తలు తక్కువ శ్రేణి ఇవ్వవచ్చు. సామాన్యుల చరిత్ర వెదకే విద్యార్థికి మాత్రం ఎక్కువ చేతులు మారిన ఆ నాణెమే ముఖ్యమైన సాక్షి.