పొయ్యి ఆరాక వినిపించిన గొంతు



రేడియోలో రాత్రిపూట మాట్లాడే మనిషి అనగానే మనకు ఎఫ్ఎం గొంతు గుర్తొస్తుంది. ఊరు సద్దుమణిగాక పాత పాటలు, ప్రేమ కబుర్లు. తెల్లారి ఆలస్యంగా లేచినా నడిచేవాళ్ల రాత్రి అది. కోడి కూయకముందే లేచి కూలికి పోవాల్సిన ఆడమనిషికి రాత్రి ఎప్పుడు మొదలవుతుంది? పని నుంచి వచ్చి, పొయ్యి రాజేసి, పిల్లలకింత ముద్ద పెట్టాక. ఆ వేళకు మాట్లాడిన రేడియో ఒకటుంది. దాన్ని నడిపింది దళిత మహిళలు.

పేరు సంగం రేడియో. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర మాచనూరు దాని ఊరు. 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద మొదలై, రోజూ రాత్రి 7 నుంచి 9 దాకా పలికింది. మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల నుంచి వచ్చినవాళ్లు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ వాళ్ల చేతుల మీదే. జొన్న, కొర్ర, విత్తనం, పురుడు, పండుగ, పాట. అంతా తమ ఊళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే.

ఇది ఊరికే వచ్చిందనుకోకండి. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. అది క్రికెట్ ప్రసారాల మీద నడిచిన కేసు. తీర్పిచ్చిన ముగ్గురిలో జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 1998 నాటికే యునెస్కో సాయంతో ఈ ఆడవాళ్లకు స్టూడియో సిద్ధమైంది. కానీ లైసెన్సు లేదు. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు. 2002లో ప్రభుత్వం తలుపు తీసింది, విద్యాసంస్థలకు మాత్రమే. చదువుకున్నవాళ్లకు ముందు, చదువు దక్కనివాళ్లకు తర్వాత! 2006 నవంబర్ విధానంతో గానీ ప్రజల సంస్థలకు దారి దొరకలేదు. తీర్పు నుంచి ప్రసారం దాకా 13 ఏళ్లు. ఆ రేడియోను ప్రారంభించింది కూడా జస్టిస్ సావంతే.

రేడియోలో అంతకుముందు మనవాళ్లు లేరా అంటే, ఉన్నారు. మహాకవి జాషువా 1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశారు. ఆయన చేతిలో పద్యం ఉంది. ఎంత అవమానించినవాడైనా ఆ పద్యం ముందు తల వంచాల్సి వచ్చింది. నర్సమ్మలు పద్యం పట్టుకుని రాలేదు, తమ యాసతోనే వచ్చారు. పాండిత్యం చూపిస్తేనే మాట్లాడనిస్తాం అన్న షరతును పక్కనపెట్టారు. నా దృష్టిలో చరిత్ర మలుపు తిరిగింది అక్కడే.

అయితే గెలుపు సగమే. 2006 విధానం కమ్యూనిటీ రేడియోకు సొంత వార్తలు చెప్పే హక్కు ఇవ్వలేదు. దళిత ఆడకూలి కొర్రల గురించి చెప్పొచ్చు. తన పేట మీద దాడి జరిగితే దాన్ని వార్తగా చెప్పకూడదు. పంట గురించి మాట్లాడనిచ్చి, ఆ పంట పండే భూమి కోసం జరిగే గొడవ గురించి మాట్లాడనివ్వకపోతే అది ఏపాటి స్వేచ్ఛ?

నేను అరసవల్లిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పాతిక కిలోమీటర్ల వరకే పలికే ఆ రేడియో ఇక్కడికి వినపడదు. కానీ ప్రశ్న వినపడుతుంది. ‘ఏటి సేత్తన్నావు, ఎక్కడికెల్తన్నావు’ అని మా అమ్మలు మాట్లాడే మాటను మన సినిమాలు నవ్వించడానికి వాడుకున్నాయి. వంశధార, నాగావళి ఒడ్డున వలస బతుకుల గురించి ఆ మాటలోనే ఎవరు చెప్పాలి? మద్రాసుకో హైదరాబాదుకో పనికిపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి గొంతు ఎక్కడ దొరుకుతుంది?

విద్యార్థి మిత్రులకు ఒక మాట. లైసెన్సు లేని పదేళ్లూ ఆ ఆడవాళ్లు టేపులు నింపారు. మీ చేతిలో ఫోనుంది. ఈ ఆదివారం మీ పేటలో ఒక ముసలమ్మ దగ్గర కూర్చోండి. ఆమె మాటను దిద్దకండి, మధ్యలో అడ్డుపడకండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఊరూ, తేదీ రాసిపెట్టండి.